చెయ్యి అందని చోటు

శ్రీవాసవి పుట్టినప్పుడు కోడుమూరులో వాళ్ల వీధి వీధంతా చూడటానికి వచ్చిందట. కేశవయ్యశెట్టి ఇంట్లో దొరసాని పుట్టిందని. మీగడ రంగు ఒళ్లు, మొక్కజొన్న పీచులాంటి తెల్లటి జుట్టు, వెలుతురు పడగానే ముడుచుకుపోయే కళ్లు. వచ్చినవాళ్లు చూసి వెళ్లిపోయారు కానీ ఆ పేరు మాత్రం ఉండిపోయింది. బడిపిల్లలు, కూరగాయల బండివాళ్లు, చివరికి పోస్టుమాను కూడా దొరసాని అనే పిలిచారు. అందులో ఎగతాళి ఎంతో, ముద్దు ఎంతో ఆమె ఎన్నడూ తేల్చుకోలేకపోయింది. చిన్నతనంలో చాలాకాలం అదే తన అసలు పేరనుకుంది.

ఒంట్లో రంగు లేకుండా పుట్టే బిడ్డలుంటారని, అలాంటి ఒంటికి ఎండను ఆపే శక్తి ఉండదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. తల్లి రాజ్యలక్ష్మమ్మ దాన్ని ఎదురుదెబ్బలతోనే నేర్చుకుంది. మొదటి ఎండాకాలంలో ఒక ఉదయం పసిబిడ్డను పక్కన పడుకోబెట్టుకుని వాకిట్లో కందిపప్పు చెరుగుతూ కూర్చుంది. సాయంత్రానికి బిడ్డ బుగ్గలు, చెవులు కమిలిపోయి బొబ్బలెక్కాయి. మర్నాడు కొబ్బరినూనె పట్టించి బయటికి తీసుకెళ్తే ఇంకా ఎక్కువ కాలింది. నూనె పగుళ్లకు పనికొస్తుంది కానీ ఎండను ఆపలేదని ఆమెకు అప్పుడర్థమైంది. ఆ రోజు నుంచి కేశవయ్య కట్టి విడిచిన మెత్తటి పంచెలన్నీ చించి బిడ్డకు మణికట్టు దాకా చేతులు, గొంతు దాకా మెడ ఉన్న చొక్కాలు కుట్టించింది. మార్గశిరంలో చలిగాలి మొదలై పెదవులు చీలితే వెన్నలో తేనెమైనం కరిగించి చిన్న డబ్బాలో పోసి ఉంచేది. మడమలకు ఆముదం. ఆషాఢంలో గాలి వీధిలోని ఎర్రదుమ్మునంతా ఎత్తి ఇళ్లలోకి పోసే రోజుల్లో కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కట్టేది.

అన్నిటికంటే ముఖ్యమైనది పొద్దున్నే జరిగేది. వాకిట్లోకి ఎండ రాకముందే కూతుర్ని పీట మీద కూర్చోబెట్టి జుట్టు పైకెత్తి మెడ, చెవుల వెనుక, వీపు అన్నీ చూసేది. నూనె రాస్తూ చూసేది, చూస్తూ రాసేది.

"ఈడ రొంత ఎర్రగుండాది. ఈపొద్దు గడప దాటొద్దు."

కూతురికి నలభై ఏళ్లు వచ్చినా ఇది ఆగలేదు. తల్లి కళ్లకు పొర వచ్చాక చూపు బదులు వేళ్లే చూశాయి. ఎక్కడైనా గరుకుగా తగిలితే అక్కడే వేలు ఆపి ఇంకొంచెం నూనె అద్దేది.

బోర్డు మీద రాసింది కనబడక వాసవి ఏడో తరగతితో బడి మానేసింది. కేశవయ్య ముందుగదిలో ఒక బల్ల వేసి అంగడి పెట్టించాడు. పసుపు, కుంకుమ, కర్పూరం, వక్కలు, ఆముదం. ముఖాలు మసగ్గా కనిపించే ఆమె మనుషుల్ని గొంతుల్ని బట్టి గుర్తుపట్టేది. ఒకసారి ఎమ్మిగనూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడి మేనత్త కాఫీ తాగుతూ, "పుట్టే పిల్లోల్లు గూడా ఇట్లే ఉంటారా?" అని అడిగింది. అది చెడ్డ ప్రశ్న కూడా కాదు. వాళ్లు వెళ్లిపోయారు. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

కేశవయ్య పోయాడు. కొన్నేళ్లకు, ఒక కార్తీకమాసంలో, రాజ్యలక్ష్మమ్మ కూడా పోయింది. తమ్ముడు వాసుదేవ్‌కు కర్నూలులో సిమెంటు అంగడి ఉంది. కర్మ అయిన రోజే అక్క పక్కన కూర్చుని అన్నాడు.

"ఒక్కదానివే ఈడ ఏం చేస్తావక్కా? మా ఇంటికి వచ్చెయ్."

వెళ్లింది. మరదలు శ్రీదేవి మంచి మనిషే. కానీ ఇంటికి ఎవరైనా వస్తే చాలు, "వదినా, వెలుతురు నీకు పడదు గదా, లోపల రూములో కూర్చో" అనేది. ఆ గదిలో కిటికీకి మందపాటి తెర, చల్లటి ఏసీ ఉన్నాయి. తెర వెనుక కూర్చుని, ముందుగదిలోని నవ్వులు వింటూ, మరదలు అన్నది ప్రేమతోనో మరెందుకో వాసవి చాలాసార్లు ఆలోచించింది. ఉగాదికి ముందే తిరిగి వచ్చేసి అంగడి తలుపులు తెరిచింది. దుమ్ము దులుపుతుంటే వీధిలోంచి ఎవరో, "దొరసానక్కా, వచ్చినావా? కర్పూరం ఉండాదా?" అన్నారు. ఉందంది.

ఒంటరిగా ఉండటం ఆమెకు మొదట్లో అంత కష్టమనిపించలేదు. వంట, అంగడి, రేడియో. కష్టం మెల్లగా తెలిసింది. బేరానికి వచ్చినవాళ్లు దుడ్లు బల్ల మీద పెడతారు, సరుకు బల్ల మీదనుంచే తీసుకుంటారు. చేతికి చెయ్యి తగిలే అవసరమే ఉండదు. ఒకరోజు ఒక చంటిపిల్లాడు బల్ల ఎక్కి ఆమె వేలు పట్టుకుంటే వాళ్లమ్మ గబుక్కున వాడిని లాగేసింది. లాగింది తన వేలు నుంచా, బల్ల అంచు నుంచా అని వాసవి ఆ పూటంతా అనుకుంటూనే ఉంది.

పొద్దున పీట ఆమె మానలేదు. చేతులకు, కాళ్లకు, ముఖానికి తనే నూనె రాసుకునేది. వీపు మధ్యకు, మెడ వెనక్కు చెయ్యి పోయినంత వరకే పోయేది. చెయ్యి పోయినా కన్ను పోదు కదా. ఇంకో మార్పు కూడా వచ్చింది, అది పెద్దదని ఆమె అనుకోలేదు. తల్లి ఉన్నన్నాళ్లూ వాసవిని బట్టలు ఉతకనివ్వలేదు. ఇప్పుడు ఆమే ఉతుక్కోవాలి. ఉతికే బండ ఉన్నది పైకప్పు లేని పెరట్లో. అంగడికి బేరం తగ్గేది మధ్యాహ్నమే కాబట్టి ఆ వేళకే బట్టలు తీసుకుని కూర్చునేది. వంగి ఉతుకుతుంటే కొంగు జారేది, జుట్టు ముడి పైకి ఉండేది, ఎండంతా మెడ మీద పడేది.

కొంతకాలానికి మెడ వెనుక దురద మొదలైంది. చెమటకాయ అనుకుని పసుపు అద్దింది. చెక్కు కట్టేది, దువ్వెన తగిలి ఊడేది, మళ్లీ కట్టేది. రవిక మెడపట్టీకి చిన్న రక్తపు మరక అంటితే సబ్బుతో రుద్ది ఆరేసింది. నొప్పి పెద్దగా లేదు. ఎవరితోనైనా చెప్పాల్సిన సంగతని ఆమెకు తోచలేదు, తోచినా ఎదురుగా ఎవరూ లేరు.

వీధి చివర హుసేన్‌బీ బట్టలు కుడుతుంది. పొడుగు చేతుల రవికలు వాసవికి ఆమే కుట్టేది. ఆ శ్రావణంలో కొత్త రవికకు కొలత తీయడానికి అంగడికి వచ్చింది. భుజాల మీదుగా టేపు పెట్టి, మెడ దగ్గర జుట్టు పక్కకు జరిపి, అలాగే ఆగిపోయింది.

"యా అల్లా! ఏందక్కా ఇది?"

"చెమటకాయమ్మా. ఎండలకి వచ్చింది."

"ఇది చెమటకాయ కాదు. ఎన్నాళ్లయింది?"

"ఏమో. ఈపు నాకేం కనపడ్తాది?"

హుసేన్‌బీ ఫోనుతో ఫోటో తీసి చేతికిచ్చింది. వాసవి ఫోనును ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని చూసింది. ఎర్రటి మెడ మీద అంచులు లేచి, మధ్యలో గుంటపడిన ఒక పుండు. కానీ ఆమె చూపు పుండు దగ్గర ఎక్కువసేపు నిలవలేదు. దాని చుట్టూ ఉన్న మెడ, మడతలు పడి, బీటలు వారిన చెరువు మన్నులా ఉంది. అది తన మెడేనా అన్నట్టు చూసింది. ఇన్నేళ్లలో దాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు.

"కర్నూలు పో అక్కా. తమ్మునికి ఫోన్ చెయ్. పొద్దు పోనీయొద్దు," అంది హుసేన్‌బీ.

తమ్ముడికి ఫోను చేసింది. సరుకు దిగుతోందట, వెనుక లారీ చప్పుడు. "ఆదివారం కారు పంపిస్తాలే అక్కా" అన్నాడు. ఆదివారం ఆసుపత్రిలో చూడరని వాసవికి తెలుసు. సరేనంది. మర్నాడు అంగడికి తాళం వేసి ఒక్కతే బస్సెక్కింది.

కర్నూలు బస్టాండులో దిగగానే గాలి గొడుగును వెనక్కి తిప్పేసింది. ఊచలు విరిగిన గొడుగును చంకలో పెట్టుకుని, కొంగును తలకూ మెడకూ గట్టిగా చుట్టుకుని, పెద్దాసుపత్రికి ఆటోలో వెళ్లింది. చర్మం జబ్బుల గది ముందు చాలా పెద్ద వరస. ఆమె వచ్చి నిలబడగానే ముందున్నవాళ్లు తిరిగి చూసి, మళ్లీ తిరిగి చూసి, ఆ తర్వాత మర్యాదగా చూడటం మానుకున్నారు.

డాక్టరమ్మ చిన్నవయసుదే. స్టూలు మీద కూర్చోబెట్టి, వెనక్కి వచ్చి, జుట్టు పైకెత్తింది. గ్లౌజు వేసుకున్న వేళ్లతో మెడను మెల్లగా తడిమింది. పుండు చుట్టూ, చెవుల వెనుక, రవిక లోపల భుజాల దాకా, తొందరేమీ లేకుండా. ఒకచోట వేలు ఆగింది. వాసవి భుజాలు కదలడం మొదలుపెట్టాయి.

"నొప్పి పుడుతోందా అమ్మా?"

"లేదమ్మా."

"మరి ఎందుకు ఏడుస్తున్నారు?"

వాసవి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఏం లేదమ్మా, మీరు చూడండి" అంది. డాక్టరమ్మ ఇంకేమీ అడగకుండా మిగిలిన వీపంతా చూసింది.

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితానికి మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. ఈసారి డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

"మీతో ఎవరు వచ్చారు?"

"ఎవరూ రాలేదమ్మా. నాతోనే చెప్పండి."

"ఇది చర్మానికి వచ్చే కాన్సర్. ఎండ వల్ల వచ్చింది. ఇంకా పైపైనే ఉంది కాబట్టి కోసి తీసేయవచ్చు. కానీ మీ ఒంటికి ఇది మళ్లీ రాగలదు. పొడుగు బట్టలు మానొద్దు, వెడల్పు అంచు టోపీ పెట్టుకోండి, నడిఎండలో పనులు వద్దు. బయట పని ఉంటే ఈ క్రీము పూసుకోండి, చెమట పట్టినప్పుడల్లా మళ్లీ పూయాలి. ఇంకోటి. మీకు కనపడని చోట్లు, వీపు, మెడ, నెలకోసారైనా ఇంట్లో ఎవరో ఒకరు చూడాలి."

వాసవి తలూపింది. ఇంట్లో ఎవరో ఒకరు అన్న మాట దగ్గర కూడా తలూపింది.

ఆపరేషను రోజు వాసుదేవ్ వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. "ముందే చెప్పొచ్చు గదక్కా!" అన్నాడు, కోపంగా కాదు, దాదాపు బతిమాలుతున్నట్టు.

"నాకు తెలిస్తే గదా వాసూ చెప్పేది."

అతను ఆమె చేతిలోని సంచి తీసుకుని ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు పట్టుకునే నిలబడ్డాడు. లోపల ఆమెను బోర్లా పడుకోబెట్టి మెడకు మొద్దుబార్చే సూది వేశారు. నొప్పి లేదు. లాగుతున్నట్టు తెలిసింది, కత్తిరిస్తున్న చప్పుడు వినిపించింది. ముఖం కింద ఆకుపచ్చ గుడ్డ తప్ప చూడటానికి ఏమీ లేదు. బయటికొచ్చేసరికి తమ్ముడు ఫోనులో మాట్లాడుతున్నాడు. ఆమెను కోడుమూరు దాకా కార్లో దింపి, కాఫీ తాగి, చీకటి పడేలోగా వెళ్లిపోయాడు. వెళ్తూ గుమ్మంలో ఆగి, "మా ఇంటికే వచ్చెయ్ అక్కా" అన్నాడు. అతను నిజంగానే అన్నాడు. ఆమె కూడా నిజంగానే, "చూస్తాలే అప్పా" అంది.

కుట్లు విప్పించుకోవడానికి మళ్లీ వెళ్లినప్పుడు ఆ పాప కనిపించింది.

వరండాలో బెంచీ చివర ఒక యువతి కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో అయిదారేళ్ల పిల్ల. తెల్లటి జుట్టు రెండు జడలు. బుగ్గలు కాలి పొక్కులు లేచి ఉన్నాయి, పెదవుల మీద ఎండిన రక్తం. వెలుతురుకు కళ్లు చికిలించి, తల కాస్త వంచి చూస్తోంది. ఆ తల వంచడం ఎలాంటిదో వాసవికి తన మెడలోనే తెలుసు. ఈ లోకంలో తనలాంటి మనిషిని ఆమె అంతవరకూ చూడలేదు. కాళ్లు వాటంతటవే నడిచి బెంచీ దగ్గర ఆగాయి.

పాప పైకి చూసింది. చూసి, సంకోచమేమీ లేకుండా అడిగింది.

"నువ్వు గూడా దొరసానివా?"

"అవును," అంది వాసవి. పాప ఎదురుగా వంగింది. "నీ పేరేంది?"

"శివాని."

తల్లి పేరు రామేశ్వరి. పుట్టిల్లు కర్నూలు పక్కనే, అత్తవారిది జమ్మలమడుగు వైపు. భర్తకు గండికోటలో సోడాలు, మజ్జిగ అమ్మే బండి ఉంది. కోట చూడటానికి వచ్చినవాళ్లు కొంటారు. పిల్లను ఇంట్లో వదిలే దిక్కులేక పగలంతా బండి దగ్గరే ఉంచుకుంటుంది. ఇదంతా చెబుతూనే రామేశ్వరి కళ్లు వాసవి ముఖం మీద, చేతుల మీద, మెడకు వేసిన కట్టు మీద తిరిగాయి.

"అక్కా, నీకు పుట్టినప్పటినుంచి ఇట్లేనా?"

"ఇట్లే."

"పెండ్లయిందా?"

"కాలేదమ్మా."

రామేశ్వరి పిల్లను కొంచెం దగ్గరికి లాక్కుంది. "మెడకు ఏమయింది?"

వాసవి చెయ్యి కట్టు మీదికి పోయింది. అబద్ధం చెప్పడం ఎంత తేలికో ఆ క్షణంలో తెలిసింది. "ఎండకు పుండయింది. కోసి తీసేసినారు. ముందే చూసుకుని ఉంటే ఇంతయ్యేది కాదు."

రామేశ్వరి ముఖం పక్కకు తిప్పుకుంది. ఆమె చూసింది తనను కాదని, తనలో నలభై ఏళ్ల తర్వాతి కూతుర్నని వాసవికి అర్థమైంది. పెళ్లి లేదు, మెడకు కట్టు, వెంట ఎవరూ లేరు. ఆ తల్లికి ఇంకేదైనా చూపించాలనిపించింది. ఏం చూపించాలో వెతుక్కుంది.

"నాకు అంగడుండాది," అంది చివరికి. "నేనే నడుపుకుంటాండా. బాగానే పోతాది."

రామేశ్వరి పాప గౌను సర్దింది. అయినా వాసవి ఆగలేదు. మెత్తటి పాత పంచెలతో పొడుగు చేతుల చొక్కా కుట్టించమని, నూనె రాసి ఎండలోకి పంపొద్దని, డాక్టరమ్మను అడిగి క్రీము తీసుకోమని, బండి దగ్గర పిల్లను నీడలో కూర్చోబెట్టమని, నీడ కదిలినప్పుడల్లా పిల్లను కూడా జరపమని చెప్పింది. రోజూ పొద్దున ఒళ్లంతా చూడమంది. చెబుతూ చెబుతూ పాప జడ పక్కకు జరిపి మెడ చూసింది. ఎర్రగా ఉంది కానీ మెత్తగా ఉంది. పాప కదలకుండా కూర్చుంది. లోపలి నుంచి పిలుపు వచ్చేలోగా రామేశ్వరి తన ఫోను నంబరు చెప్పి, వాసవిది తీసుకుంది.

ఇంటికొచ్చిన వారంలోనే హుసేన్‌బీతో రెండు గౌన్లు కుట్టించింది. మణికట్టు దాకా చేతులు, మెడకు కాలరు. గుడ్డ మెత్తగా ఉండాలని పెట్టెలో మిగిలిన తండ్రి పంచెలు ఇచ్చింది. బట్టతో చేసిన వెడల్పు టోపీ ఒకటి కూడా పెట్టి బస్సు పార్సిలులో జమ్మలమడుగుకు పంపింది. అందిందని ఫోను రాలేదు. పండగ హడావుడేమో అనుకుంది. ఆ తర్వాత, తన ఊసు ఆ తల్లికి ఇష్టం లేదేమో అనుకుంది. కట్టు, ఒంటరితనం గుర్తుచేసే మనిషిని ఎవరు మాత్రం ఫోను చేసి పలకరిస్తారు? నంబరు నొక్కబోయి చాలాసార్లు మానుకుంది.

ఈ మధ్యలో మెడ మానింది. నున్నటి గులాబి గీత ఒకటి మిగిలింది. బట్టలు ఉతకడం తెల్లవారుజాముకు మార్చుకుంది. హుసేన్‌బీ దారిన పోతూ గుర్తొచ్చినప్పుడు లోపలికి వచ్చి, "తిరుగక్కా" అని జుట్టెత్తి చూసి, "ఏం లేదులే" అని పోతుంది. ఆమెకు గుర్తురాని నెలలూ ఉంటాయి. ఇంటి పనులు, గిరాకీలు, మనవళ్లు. వాసవి గుర్తుచేయదు. క్రీము మాత్రం గరిటె కాడకు మెత్తటి గుడ్డ చుట్టి, దానితో వీపుకు పూసుకోవడం అలవాటు చేసుకుంది. సరిగ్గా అంతటా పడుతుందో లేదో తెలియదు.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం, బేరం లేక కూర్చున్నప్పుడు, ఉండబట్టలేక ఫోను చేసింది. చాలాసేపటికి రామేశ్వరి ఎత్తింది.

"అక్కా! చేద్దామనే ఉంటి. గౌన్లు వచ్చినాయి. శానా బాగుండాయి."

"ఏస్తాండావా పాపకు?"

"ఏస్తాండా. కానీ వినదక్కా. ఉడుకు అని చేతులు పైకి మడుచుకుంటాది. టోపీ గాలికి ఎగిరి లోయలో పడింది. ఎంత చెప్పినా నా మాట లెక్కచెయ్యదు. నువ్వే చెప్పు."

ఫోను చేతులు మారింది. అవతల గాలి హోరు, బండి మీద సీసాల చప్పుడు, ఎవరో యాత్రికులు బిగ్గరగా నవ్వడం. తర్వాత చెవి దగ్గరే ఊపిరి.

"అమ్మ చేతులు దించమంటాది," అంది శివాని. "నాకు ఉడుకుతాది."

"నాకు గూడా ఉడుకుతాదమ్మా."

"నువ్వు దించుకుంటావా మరి?"

"దించుకుంటా. రోజూ దించుకుంటా."

పాప మళ్లీ అడిగింది.

"నీకు ఎవరు చెప్తారు దించుకోమని?"

వాసవి బల్ల మీదున్న కుంకుమ పొట్లాలను చేత్తో ఒక పక్కకు జరిపింది. "ఎవరూ చెప్పరు. నేనే దించుకుంటా."

"అయితే నేను గూడా దించుకుంటాలే," అంది శివాని. ఆ తర్వాత ఇంకేదో చెప్పబోయింది కానీ గాలిలో అది వినపడలేదు. లైను కట్టయింది. వాసవి మళ్లీ చేసింది, సిగ్నలు దొరకలేదు. ఫోను బల్ల మీద పెట్టి, అది మోగుతుందేమోనని కొంచెంసేపు చూసింది. వీధిలో ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి అంగడి ముందు నిలబడి పసుపు కావాలన్నారు. లేచి తూచి ఇచ్చింది.